నేను పోస్టు చేసిన మూడు ఉత్తరాలు

జైలు క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలకు గడియారంతో పని ఉండదు. గంట గంటకూ మెయిన్ గేటు దగ్గర గంట కొడతారు. అది లెక్కపెట్టుకుంటూనే మా స్నానం, బడి, అన్నం అన్నీ జరిగిపోయేవి. సాయంత్రం లాకప్ అయ్యాక నాయన ఇంటికి రావడం రొంత ఆలస్యమైతే మాత్రం అమ్మ సంగటి కెలుకుతున్న కట్టెను అట్లాగే పట్టుకుని ఆగిపోయేది. "లెక్క సరిపోలేదేమో" అనేది. లోపల అందరినీ లెక్కపెట్టి, తాళాలు వేసి, ఆ సంఖ్య పుస్తకంలో ఉన్న సంఖ్యతో సరిపోయాకే పగటి డ్యూటీ వాళ్ళను వదులుతారు. ఒక్కడు తగ్గినా మళ్ళీ మొదటినుంచి లెక్కే. తగ్గినవాడు చాలాసార్లు ఆసుపత్రి గదిలోనో, వంటశాలలో గంజి వార్చుకుంటూనో దొరికేవాడు.

ఒక్కసారి మాత్రం నిజంగానే తగ్గాడు.

మా నాయన వార్డరు. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో బదిలీల మీద తిరుగుతూనే సర్వీసంతా గడిపాడు. ఇది జరిగింది ఏ జైల్లోనో రాయను. ఆ మనుషుల పిల్లలు ఇప్పటికీ ఈ మూడు జిల్లాల్లోనే ఉన్నారు, వాళ్ళకూ పిల్లలున్నారు.

1986లో నేను ఐదో తరగతి. ఆ ఏడు మార్చి 16న ఢిల్లీ తీహార్ జైలు నుంచి చార్లెస్ శోభరాజ్ అనే పేరుమోసిన హంతకుడు తప్పించుకున్నాడు. మా క్వార్టర్స్ మొత్తానికి పేపరు వచ్చేది హెడ్ వార్డరు గారి ఇంటికి ఒక్కదానికే. ఆయన వరండాలో కూర్చుని గట్టిగా చదువుతుంటే మగవాళ్ళంతా నిలబడి విన్నారు. పుట్టినరోజని చెప్పి కాపలావాళ్ళకు స్వీట్లు పంచాడట. అందులో నిద్రమాత్రలు కలిపి ఉన్నాయట. వాళ్ళకు మెలకువ వచ్చేసరికి మనిషి లేడు. మూడు వారాలకు, ఏప్రిల్ 6న, గోవాలో ఒక హోటల్లో ఉండగా బొంబాయి ఇన్‌స్పెక్టర్ మధుకర్ జెండే పట్టుకున్నాడు. శోభరాజ్ అసలు పుట్టినరోజు ఆ ఏప్రిల్ ఆరే అని నేను చాలా ఏళ్ళ తర్వాత చదివాను.

మాకు అదొక తమాషా అయిపోయింది. ఆ ఉగాదికి ఎవరింట్లో ఓళిగలు పెట్టినా "మత్తుమందు కలపలేదు కదా" అని అడక్కుండా ఎవరూ తినలేదు. నాయన ఒక్కడే నవ్వలేదు. "స్వీట్లు తిని పడిపోయినోళ్ళ సంగతి తర్వాత. ఆ స్వీట్లు లోపలికి ఎట్ల పోయినాయో అది అడుగు ముందు" అన్నాడు.

పక్కింటి మామ మాత్రం రెండు ఓళిగలు నెయ్యిలో ముంచుకుని తింటూ, "నాకు మందు కూడా అక్కర్లేదక్కా, నిలబడే నిద్రపోతా" అన్నాడు మా అమ్మతో. అందరూ నవ్వారు. పగలు డ్యూటీ చేసినవాణ్ణి రాత్రికి కూడా ఆపేసే రోజులవి. మనిషి తక్కువైతే ఉన్నవాడే నిలబడాలి. ఆ మాట అప్పుడు ఎవరికీ వింతగా అనిపించలేదు.

మామ అసలు రైతు. వర్షాలు లేక, బోరు ఎండి, పొలం వదిలి ఉద్యోగానికి వచ్చినవాడు. జైలు గోడ బయట రెండెకరాల కూరగాయల తోట ఉండేది. మంచి నడవడి ఉన్న ఖైదీలను పొద్దున్నే అక్కడికి తీసుకుపోయి, మధ్యాహ్నం అన్నానికి లోపలికి తెచ్చేవాళ్ళు. వంకాయ, చిక్కుడు, గోంగూర. తోట కాపలాకు మామను మించినవాడు లేడని పై ఆఫీసర్ల నమ్మకం. పురుగు పడితే ఏం చల్లాలో, నారు ఎప్పుడు పోయాలో ఆయనకే తెలుసు. అందుకని నెలల తరబడి అక్కడే ఉంచేశారు.

ఇది తప్పని నాయన చెప్పేవాడు. వార్డర్ల డ్యూటీలు తిప్పుతూ ఉండాలి. ఒకే బ్లాకులో, ఒకే మనుషుల మధ్య ఎక్కువ రోజులు ఉంచకూడదు. ఎందుకని అడిగితే ఆయన ఇచ్చిన జవాబు నాకు బాగా గుర్తుంది. "మాట్లాడుకుంటారు కదరా. పది రోజులు మాట్లాడినాక వాడు ఖైదీ అని గుర్తుండదు, పదకొండో రోజు వాని పేరు పెట్టి పిలుస్తావు."

తోట గ్యాంగులో ఒక యావజ్జీవ ఖైదీ ఉండేవాడు. ఊరి గొడవల్లో హత్య కేసు. బయట ఉన్నప్పుడు తాలూకా ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిన మనిషి. నేను ఆయన్ని దూరం నుంచి రెండు మూడుసార్లు చూశాను, ముఖం గుర్తులేదు. అక్షరాలు మాత్రం ఇప్పటికీ కళ్ళముందున్నాయి. గుండ్రంగా, అచ్చు వేసినట్టు, ప్రతి తలకట్టూ ఒకే వాలుగా.

మామ భార్యకు ఉబ్బసం. కడపకు బదిలీ చేయించుకుంటే పెద్దాసుపత్రి దగ్గరవుతుందని మామ రెండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు. ఆయన రాసినవి ఎవరూ చదివినట్టు లేరు. ఆ ఎండాకాలం పెట్టిన అర్జీకి మాత్రం జవాబొచ్చింది. బదిలీ రాలేదు గానీ పదిహేను రోజులు సెలవు ఇచ్చారు, పరిశీలిస్తామని కూడా రాశారు. మామ దాని నకలు తెచ్చి నాయనకు చూపించాడు.

"చూడన్నా, చదువుతాంటే నాకే ఏడుపొచ్చింది."

నాయన చదివాడు. మడిచి ఇచ్చేశాడు. "ఎవురు రాసినారు?" అన్నాడు.

మామ జవాబు చెప్పకుండా మా నీళ్ళ తొట్టి వైపు చూశాడు. నాయన మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత నెలకో ఏమో, మామ నన్ను గోడ పక్కకు పిలిచి ఒక ఇన్‌లాండ్ లెటర్ చేతికిచ్చాడు. "అబ్బీ, డబ్బాలో వేసి రాపో" అని పావలా ఇచ్చాడు. పావలాకు పుల్ల ఐసు, ఎర్రది. నేను పరిగెత్తాను.

ఆ ఉత్తరం గురించి చెప్పాలి. నీలం రంగు ఇన్‌లాండ్. అంచులు జిగురుతో కాదు, అన్నం మెతుకులతో అతికించి ఉన్నాయి. ఒక మెతుకు సరిగ్గా నలగక, కాగితం కింద చిన్న బొడిపెలా చేతికి తగులుతోంది. బీడీ వాసన. అడ్రసు ఆ గుండ్రటి అక్షరాల్లో. జైలు నుంచి పోయే ఉత్తరాలు నేను చాలా చూశాను. ఆఫీసులో చదివి ముద్ర కొడతారు. దీనిమీద ముద్ర లేదు. పదేళ్ళ పిల్లోణ్ణే అయినా అది నాకు తెలిసింది. తెలిసీ డబ్బాలో వేశాను. పోస్టు డబ్బా మెయిన్ గేటుకు ఎదురుగానే ఉంటుంది. మామ వేస్తే సెంట్రీ చూస్తాడు. పిల్లోడు వేస్తే ఎవడు పట్టించుకుంటాడు?

అట్లా మూడు వేశాను. మూడు ఐసులు తిన్నాను.

దసరాకు ముందు ఒక ముసురు రోజున మధ్యాహ్నం పూట అలారం గంట మోగింది. గంట గంటకూ కొట్టేది కాదది, ఆగకుండా మోగేది. ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. బూట్ల చప్పుడు, ఈలలు. తోట గ్యాంగు లోపలికి వచ్చేటప్పుడు గేటు దగ్గర లెక్కలో ఒకడు తక్కువ. వెతికితే కంది చేను గట్టు దగ్గర వాని జైలు గుడ్డలు దొరికాయి. తెల్ల చొక్కా, నిక్కరు, బురదలో పడేసి కాదు, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి, మీద చిన్న రాయి పెట్టి ఉన్నాయట.

సాయంత్రం మామ వాళ్ళ ఇంటి ముందు కడప బండల అరుగు మీద కూర్చున్నాడు. ఖాకీ బట్టల్లోనే ఉన్నాడు, టోపీ లేదు, బెల్టు తీసేశారు. ఆయన కూతురు, నాకంటే చిన్నది, చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. నేను చూస్తున్నంతసేపూ ఆయన ఆ చెంబు ముట్టుకోలేదు.

విచారణలో మామ ఒకే మాట మీద నిలబడ్డాడు. నిద్రపోయాను సార్.

ఆ మాటకు బరువెంతో నాయన తర్వాత చెప్పాడు. అప్పటి శిక్షాస్మృతిలో 223, 222 అని పక్కపక్కనే రెండు సెక్షన్లు ఉండేవి. కాపలా ఉద్యోగి అజాగ్రత్త వల్ల ఖైదీ తప్పించుకుంటే 223, రెండేళ్ళ దాకా సాధారణ జైలు. కావాలనే వదిలేస్తే 222. యావజ్జీవం పడిన ఖైదీని వదిలితే ఏడేళ్ళ దాకా. (ఇప్పుడు కొత్త చట్టం వచ్చి ఈ నంబర్లు మారిపోయాయి.) "నిద్రపోయినా అంటే రెండేళ్ళు, కండ్లు మూసుకున్నా అంటే ఏడేళ్ళు" అనేవాడు నాయన. మొత్తం విచారణ ఆ రెండింటి మధ్యనే తిరిగింది. చివరికి 223 కిందనే తేలింది. ఉద్యోగం పోయింది, కోర్టు ఆరు నెలలు వేసింది. ఆ ఆరు నెలలూ వేరే జిల్లాలో ఉంచారు, తెలిసిన ఖైదీల మధ్య పెడితే ఏమవుతుందోనని. వాళ్ళు క్వార్టర్స్ ఖాళీ చేసిన రోజు అత్త మా అమ్మను పట్టుకుని ఏడ్చింది. ఎద్దుల బండి మీద ఆ తోట చిక్కుడు కాయలు ఒక సంచి కూడా పోయాయి. అది చూసి ఎవరో ముక్కు విరిచారు. నాకు ఆ సంచే గుర్తుంది.

ఎందుకు చేశాడు? క్వార్టర్స్‌లో ఎవరి కథ వాళ్ళది. డబ్బు తిన్నాడన్నారు. విచారణలో ఇల్లంతా సోదా చేస్తే ఒక చీటీ బాకీ కాగితం, భార్య మందుల చీటీలు తప్ప ఏమీ దొరకలేదు. బెదిరించారన్నారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. సీమలో ఊరి కక్షల కేసులో ఉన్న ఖైదీకి బయట మనుషులుంటారు, వార్డరుకూ ఊరుంటుంది, ఊళ్ళో అమ్మానాయనలుంటారు. "లోపల వాడు మన చేతిలో, బయట మనోళ్ళు వాని చేతిలో" అని హెడ్ వార్డరు గారు అన్న మాట నేను విన్నాను. ఆడవాళ్ళు మాత్రం జాలి అన్నారు. ఆ ఖైదీ కూతురి పెళ్ళికి పెరోల్ అడిగితే, ఊళ్ళోకి వస్తే గొడవలవుతాయని పోలీసు రిపోర్టు వచ్చి ఇవ్వలేదట. పెళ్ళి ఆ వారంలోనేనట. పెళ్ళి చూసుకుని మళ్ళీ వచ్చేస్తానని మాటిచ్చాడట. పట్టుకున్నప్పుడు చేతులకు పసుపు ఉందని కూడా చెప్పుకున్నారు. నేను చాలా ఏళ్ళు ఆ పసుపు చేతుల కథే నమ్మాను. నిజం చెప్పాలంటే, నేను వేసిన ఉత్తరాలు పెళ్ళి కబుర్లే అయుంటాయని నమ్మడం నాకు హాయిగా ఉండేది.

2015లో ఆ కథ పోయింది.

అప్పటికి నాయన రిటైరై కడపలో ఉన్నాం. కళ్ళు సరిగా కనపడక నేనే పేపరూ ఫోనూ చదివి వినిపించేవాణ్ణి. ఆ జూన్‌లో అమెరికా న్యూయార్క్ రాష్ట్రంలో క్లింటన్ జైలు నుంచి ఇద్దరు హంతకులు గోడలు కోసుకుని పారిపోయిన వార్త. జైలు కుట్టుపని విభాగంలో పనిచేసే జాయిస్ మిచెల్ అనే ఆమె రంపం బ్లేడ్లు తెచ్చిచ్చింది. గడ్డకట్టించిన మాంసం ముద్దలో పెట్టి ఇస్తే, జీన్ పామర్ అనే గార్డు దాన్ని లోహపు తనిఖీ లేకుండా లోపలికి చేరవేశాడు. లోపల బ్లేడ్లు ఉన్నట్టు తనకు తెలియదన్నాడు.

"మాంసంలోనా?" అన్నాడు నాయన. చాలాసేపు నవ్వాడు. "మన దగ్గర అయితే ఆ మాంసమే గేటు దాటదు. ఎవడో వండుకుని తినుంటాడు."

తర్వాత ముక్క చదివాను. ఆ గార్డుకు ఖైదీ బొమ్మలు గీసి ఇచ్చేవాడట. దానికి బదులుగా రంగులు, చిన్నా చితకా సామాన్లు ఇతను ఇచ్చేవాడట.

నాయన నవ్వు ఆగిపోయింది. "ఆఁ. అది చెప్పు. బొమ్మలు గీసిచ్చినాడా." కాసేపాగి, "మనోనికి అర్జీ రాసిచ్చినట్టు" అన్నాడు.

ఆ రోజు నాయన చెప్పిన పద్ధతి ఇది. తెలివైన ఖైదీ మొదట ఏమీ అడగడు, ఇస్తాడు. ఎవరికి ఏం లోటో చూసుకుని ఇస్తాడు. తీసుకున్నవాడికి అది లంచమని కూడా అనిపించదు. తర్వాత ఒక చిన్న పని అడుగుతాడు, కాదనడానికి సిగ్గుపడేంత చిన్నది. ఒక ఉత్తరం. 1894 నాటి జైళ్ళ చట్టంలో, రూల్సు ఒప్పుకోని వస్తువును దాటిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని రాసి ఉంటుంది. చిన్న శిక్షే. ఉద్యోగం పోతుందన్నదే పెద్ద భయం. "మొదటి ఉత్తరం జాలితో పోతాది. రెండోది మొహమాటంతో పోతాది. మూడోది, సార్‌కు చెప్పేదా అని వాడు అడిగితే పోతాది. ఆ పైన గేటు ఎంతసేపు?"

"కూతురి పెళ్ళి?" అన్నాను.

"వానికి కూతురే లేదురా. ఇద్దరు మగపిల్లోళ్ళు. వాని హిస్టరీ టికెట్, అంటే వివరాలన్నీ రాసిన కాగితం, ఆఫీసులోనే ఉండె. ఒక్కసారి తీసి చూసుకున్నా తెలిసేది. తొమ్మిదో రోజు ప్రొద్దుటూరు బస్టాండులో ఉగ్గాని తింటా దొరికినాడు. పసుపూ లేదు, పాడూ లేదు."

అప్పుడు చెప్పాను, ఆ ఉత్తరాలు వేసింది నేనే అని. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత.

నాయన నా వైపు తిరిగాడు. "ఎన్ని?"

"మూడు."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "అర్జీ ఎవురు రాసినారో నాకు తెలుసు. ఎంక్వైరీలో అడిగినారు, ఆ ఖైదీతో ఏమన్నా సావాసం ఉండిందా అని. లేదు సార్ అన్నా." ఇంకేమీ అనలేదు. కాసేపటికి ఫోనులో మిగతాది చదవమన్నాడు. ఆ గార్డుకు మరుసటి ఏడు ఆరు నెలల శిక్ష పడింది. ఆ వార్త వచ్చినప్పుడు నాయనకు చెబితే, "వానికీ ఆరు నెలలేనా" అన్నాడు.

2022 నాటికి నాయన లేడు. ఆ ఏప్రిల్ 29న అమెరికాలోనే, అలబామా రాష్ట్రంలో విక్కీ వైట్ అనే జైలు అధికారిణి, కేసీ వైట్ అనే ఖైదీని కోర్టుకని చెప్పి కారులో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. ఆమె వయసు 56. మంచి పేరున్న ఉద్యోగి. రిటైరవుతున్నానని చెప్పింది, ఆ రోజే ఆఖరి రోజు. కొద్ది రోజుల ముందే ఇల్లు అమ్మేసింది. మే 9న ఇండియానాలో పోలీసులు చుట్టుముట్టాక తుపాకీతో కాల్చుకుని చనిపోయింది. దీన్ని అమ్మకు చెప్పాను. నాయన ఉంటే ఆ మనిషి మొదట ఏం ఇచ్చాడని అడిగేవాడు. అమ్మ వేరేది అడిగింది.

"ఆయమ్మ ఇంట్లో ఎవురన్నా ఉన్నారా?"

మొగుడితో విడిపోయి చాలా ఏళ్ళయిందని చెప్పాను.

"అదీ. ఇంటికొస్తే తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. అక్కడ వాడొకడు అడిగింటాడు." తర్వాత చేటలో బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండానే అంది. "మీ మామకూ అంతే. అత్తకు ఎప్పుడూ రోగమే పాపం. ఆ తోటలో వాడొక్కడే ఈయన మాట వినేది. నీలం గళ్ళ లుంగీ వాళ్ళ దండెం మీద ఎప్పుడూ ఆరేసి ఉండేది కదా. అలారం కొట్టిన రోజు పొద్దున్నే లేదు. నేను చూసినా. మీ నాయనకు చెప్పలేదు. చెప్తే రాసేవాడు."

నాయన రాసేవాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక ఇంట్లో ముగ్గురం, మూడు ముక్కలు దాచుకున్నాం. ముగ్గురం ఒకచోట కూర్చుని చెప్పుకుని ఉంటే ఆ కేసు 222 అయ్యేదేమో. భయమా, జాలా, ఒంటరితనమా అని నన్నడిగితే, నాయన మాట, అమ్మ మాట రెండూ నిజమనే అంటాను. కానీ ముందు ఆ అర్జీ. రెండేళ్ళు ఎవరూ చదవని బాధను ఒకడు చక్కటి అక్షరాల్లో రాసిపెడితే, వాడు హంతకుడని గుర్తు పెట్టుకోవడం నా వల్ల అయ్యేదా అంటే చెప్పలేను. నేను పావలాకే పరిగెత్తాను కదా.

పోయినేడాది కడప ఏడు రోడ్ల దగ్గర ఒక టీ బంకు ముందు నిలబడి ఉంటే, ఎవరో ముసలాయన నన్నే చూస్తున్నాడు. ఏదో ఫంక్షన్ హాల్లో రాత్రి వాచ్‌మన్‌గా ఉన్నాడట. చేతిలో టార్చి. వార్డరు కొడుకువి కదా అన్నాడు. నాకు గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. నాయన పోయిన సంగతి తెలుసన్నాడు. అత్త పోయి పదేళ్ళయిందట, కూతురు నంద్యాలలో ఉందట. ఉత్తరాల మాట నేను ఎత్తలేదు. ఆయనే అన్నాడు, "నీకు ఐసు ఇప్పిచ్చేవాణ్ణి కదా" అని. అంతే, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.

రెండు టీలు చెప్పాను. వచ్చాయి. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే ఆయన చొక్కా లోపలి సంచి తీసి, పది రూపాయల బిళ్ళ ఒకటి వెతికి, బంకు పలక మీద తన గ్లాసు పక్కన పెట్టాడు.

"నేనిస్తా మామా" అన్నాను.

"వద్దబ్బీ. నీది నువ్వియ్యి, నాది నేనిస్తా" అన్నాడు. ఆ పిల్లోడు బిళ్ళ తీసుకున్నాకే గ్లాసు ముట్టుకున్నాడు.